నెమలి విరిచిన పుల్ల

జానుస్సోణి సంపన్న బ్రాహ్మణుడు. తెల్లగుర్రాలు పూన్చిన తెల్లటి రథంలో శ్రావస్తి వీధుల వెంట వెళ్ళేవాడని పాళీ గ్రంథాలు చెబుతాయి. ఆయన ఒకనాడు బుద్ధుడు ఉంటున్న జేతవనానికి వచ్చి, అడవిలో ఒంటరిగా ఉండటం చాలా కష్టం కదా, ఏకాగ్రత కుదరనివాడికి ఆ అడవే మతి పోగొడుతుంది కదా అని బుద్ధుణ్ణి అడిగాడు. నిజమేనన్నాడు బుద్ధుడు. బోధి కలగకముందు తనకూ అలాగే అనిపించేదని చెప్పాడు. మజ్ఝిమ నికాయంలోని 152 సూత్రాల్లో నాలుగోదైన భయభేరవ సూత్రం ఇలా మొదలవుతుంది.

అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో కుడిచేయి ఎత్తి అభయమిచ్చే బుద్ధుణ్ణి చూడటం మనకు అలవాటు. ఆ చేయి గలాయన ఒకప్పుడు చీకట్లో ఆకుల గలగలకు ఉలిక్కిపడ్డాడంటే వినడానికి వింతగానే ఉంటుంది. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు, దాచలేదు.

ఆ భయం సంగతి తేల్చుకోవడానికి ముందు ఆయన తన నడతను పరిశీలించుకున్నాడు. చేత, మాట, తలపు, బతుకుతెరువు, పేరాశ, పగ, సోమరితనం, తనను పొగుడుకుని ఇతరులను కించపరచడం... ఇలా 16 విషయాలు వరసగా చూసుకున్నాడు. వీటిలో మచ్చ ఉన్నవాడు అడవికి వెళితే భయాన్ని వెంట తీసుకెళ్ళినట్టేనంటాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం మనకు తెలిసిందే. అయితే తనలో ఆ మచ్చలు లేవని తేలాక కూడా ఆయన అక్కడితో ఆగలేదు. పక్షంలో చతుర్దశి, అమావాస్య లేదా పున్నమి, అష్టమి రాత్రులు ఎంచుకుని, జనం హడలిపోయే వనాల్లోని, చెట్లకిందున్న చైత్యాల దగ్గరికి కావాలనే వెళ్ళాడు. అమావాస్య నాడు ప్రయాణం పెట్టుకోని ఇళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నాయి కనుక, ఆ రాత్రుల బరువు మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అక్కడ ఏం జరిగింది? ఏ దయ్యమూ రాలేదు. ఒక జంతువు అటుగా వచ్చింది. నెమలి ఒక పుల్ల విరిచింది. గాలికి ఎండుటాకులు కదిలాయి. అదిగో, భయం వచ్చేస్తోంది అనుకున్నాడు. మరుక్షణం, ఎప్పుడూ భయం కోసమే ఎదురుచూస్తూ ఎందుకు కూర్చోవాలి అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. నడుస్తుండగా భయం వేస్తే, అది అణిగేదాకా నిలబడలేదు, కూర్చోలేదు, పడుకోలేదు. పడుకున్నప్పుడు వేస్తే, అణిగేదాకా లేవలేదు. ఏ భంగిమలో పట్టుకుందో అందులోనే దాన్ని దాటాడు.

చదవడానికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కానీ భయం ముందుగా చేసేది మనల్ని ఉన్నచోటు నుంచి కదిలించడమే. పరీక్ష రిపోర్టు రావాల్సిన సాయంత్రం కూర్చున్నవాళ్ళం లేస్తాం, లేచినవాళ్ళం ఫోన్ తీస్తాం, తీసినవాళ్ళం ఎవరికో చేస్తాం. మన కాళ్ళూ చేతులూ అప్పటికే దాని చెప్పుచేతల్లో ఉంటాయి. ధైర్యంగా ఉండు అని చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. ఉన్నచోటే కాసేపు ఉండు అనేవాళ్ళు తక్కువ. రోజులూ వారాలూ వదలని భయానికి మాత్రం వైద్యుడి దగ్గరికి వెళ్ళడమే మంచిది, దానికి అడవి అక్కర్లేదు.

అందరికీ ఇంత కఠినమైన దారే చెప్పలేదు బుద్ధుడు. ధజగ్గ సూత్రంలో, ఒంటరిగా ఉన్నప్పుడు భయం వేస్తే తననో, ధర్మాన్నో, సంఘాన్నో తలచుకోమని భిక్షువులకు చెప్పాడు. ఉరిమితే అర్జునుడి పేర్లు వల్లించే మనకు ఇది దగ్గరి దారి. దేవతలు యుద్ధంలో శక్రుడి, అంటే ఇంద్రుడి, ధ్వజం వైపు చూస్తారు గానీ, ఆ శక్రుడే భయపడి పారిపోయే రకమని ఆ సూత్రంలో ఒక చురక కూడా ఉంది.

భయభేరవంలో చివరికి వచ్చే మాట ఇంకొకటుంది. ఇంకా అడవిలోనే ఉంటున్నాడంటే ఈయనలో రాగద్వేషాలు పోలేదేమోనని నీకు అనిపించవచ్చు, అలా అనుకోవద్దని జానుస్సోణికి చెబుతాడు. తాను అడవిని వదలకపోవడానికి రెండు కారణాలట. ఒకటి, తనకు అక్కడ హాయిగా ఉంటుంది. రెండోది, తరవాత వచ్చేవాళ్ళ మీద కరుణ.