కారు అద్దాలు మూసేస్తే గాలి మంచిదేనా? రోజూ రోడ్డెక్కే గుండెకు ముప్పెంత?

ముప్కాల్‌లో కారెక్కి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా పెర్కిట్ చేరి, అక్కడి నుంచి 63వ నంబరు రోడ్డు పట్టుకుని నిజామాబాద్‌కు రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. ముందు లారీ, పక్కన టిప్పర్. కోతలైపోతే పొలాల్లో వరి కొయ్యలు కాల్చిన పొగ. అద్దాలెక్కించి ఏసీ వేస్తే ఇదంతా బయటే ఉండిపోయిందనుకుంటాం. అది సగం నిజమే.

లోపలికి గాలి ఎటు నుంచి వస్తుంది?

ఏసీకి రెండు దారులుంటాయి. ఒకటి బయటి గాలిని తీసుకోవడం. ముందు అద్దం కింది భాగం నుంచి గాలి లోపలికి వస్తుంది. లారీ వెనకే వెళ్తుంటే దాని పొగ కూడా అదే దారిలో వస్తుంది. రెండోది రీసర్క్యులేషన్, అంటే లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పడం. దీనివల్ల దుమ్ము, పొగ తగ్గుతాయి. కానీ మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. బయట అది సుమారు 420 పీపీఎం. నలుగురు కూర్చున్న కారులో కాసేపటికే దానికి కొన్ని రెట్లవుతుంది. తల బరువెక్కుతుంది, డ్రైవరుకు మగత వస్తుంది.

గుండెకు దీనితో ఏం సంబంధం?

అసలు సమస్య పీఎం 2.5. తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉండే కణాలివి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోకీ చేరతాయి. రక్తనాళాల్లో వాపు రావడం, అవి బిగుసుకోవడం, రక్తం గడ్డకట్టే స్వభావం పెరగడం దీని ఫలితాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల 42 లక్షల మంది అకాల మరణం పాలయ్యారు. అందులో 68 శాతం గుండెజబ్బు, పక్షవాతం వల్లే.

కారు ప్రయాణంపైనే అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యవంతులను రద్దీ వేళ 2 గంటల పాటు కారులో తిప్పారు. కొన్ని రోజులు రోడ్డు గాలి నేరుగా వచ్చేలా, ఒక రోజు మంచి ఫిల్టరుతో. ఫిల్టరు లేని రోజున గంటలోపే రక్తపోటు 4.5 పాయింట్లకు పైగా ఎక్కువగా ఉంది. ఆ తేడా మర్నాటికీ పూర్తిగా పోలేదు. ప్రయోగం చిన్నదే, పాల్గొన్నది 16 మంది. దీంతో గుండెపోటు వస్తుందని తేలినట్టు కాదు. కానీ ఇప్పటికే బీపీ, షుగరు ఉన్నవారు తేలిగ్గా తీసుకోవాల్సిన విషయమూ కాదు.

ఏక్యూఐ బాగుంటే సరిపోతుందా?

మన దేశంలో పీఎం 2.5కు 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. ఫోనులో కనిపించే ఏక్యూఐకి ఆధారం ఒకచోట నిలిపిన యంత్రం, అదీ రోజంతటి సగటు. మీరు లారీ వెనక ఇరుక్కున్న పది నిమిషాలు అందులో కనబడవు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతీ అంతే. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. డీజిల్‌కు పొగ చిక్కదనం చూస్తారు. పీఎం 2.5ను విడిగా కొలవరు.

మనం ఏం చేయొచ్చు?

• లారీల వెనక, టోల్‌గేటు దగ్గర, కొయ్యలు కాలుతున్న చోట రీసర్క్యులేషన్ వేయండి. రోడ్డు ఖాళీ కాగానే కాసేపు బయటి గాలి రానివ్వండి.
• క్యాబిన్ ఫిల్టరు ఉందో లేదో సర్వీసింగులో అడగండి. కొన్ని చౌక మోడళ్లలో అసలు ఉండదు. దుమ్ము రోడ్లపై తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి.
• లారీకి దూరం పాటించండి. ప్రమాదమూ తప్పుతుంది, పొగా తగ్గుతుంది.
• ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసి కారులో నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
• బైకు, ఆటోల్లో వెళ్లేవారికి ఏ ఫిల్టరూ లేదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు కొంత కాపాడుతుంది, రుమాలు కాదు.

ఫిల్టరు మార్చుకోవడం కారున్నవారి చేతిలో పని. నల్లటి పొగ వదిలే లారీని ఆపడం రవాణా శాఖ పని. కొయ్యలు కాల్చకుండా రైతుకు యంత్రాలు అందేలా చూడటం ప్రభుత్వం పని. ఆ రెండూ జరిగితేనే బస్టాపులో నిలబడ్డవారికీ మేలు.

ప్రయాణంలో ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకోవద్దు. బండి పక్కన ఆపి 108కి ఫోన్ చేయండి.