లండన్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్’కు దక్కింది, ‘మొఘల్-ఎ-ఆజమ్’కు ఎందుకు దక్కదు?

2025 మే 11న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఆడింది. మాటలు, చప్పుళ్లు సినిమాలోవే. నేపథ్య సంగీతాన్ని మాత్రం రాయల్ ఫిల్హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా తెర ముందు కూర్చుని అప్పటికప్పుడు వాయించింది. 2019 అక్టోబరులో అదే హాల్‌లో ‘బాహుబలి’ కూడా ఇలాగే వేశారు. తెలుగువాళ్లకు సంతోషమే. కానీ 1960 నాటి ‘మొఘల్-ఎ-ఆజమ్’ను, 1957 నాటి ‘మాయాబజార్’ను ఇలా చూడాలంటే అంత తేలిక కాదు. డబ్బు ఒక్కటే కారణమూ కాదు.

ఈ ప్రదర్శన నడిచే తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. సినిమా శబ్దంలో మాటలు, చప్పుళ్లు, సంగీతం వేర్వేరు ట్రాకులుగా ఉండాలి. అప్పుడే సంగీతం తీసేసి మిగతా రెండూ వినిపించగలరు. కండక్టర్ ముందు చిన్న తెర ఉంటుంది, దాని మీద వచ్చే గుర్తులను బట్టి వాద్యాలను నడిపిస్తాడు. చాలాసార్లు చెవిలో తాళం కూడా టిక్‌టిక్‌మంటూ వినిపిస్తుంది. ఇక వాయించేవాళ్ల చేతిలో రాసిన స్వరాలు ఉండాల్సిందే.

కొత్త సినిమాలకు ఇవన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉంటాయి. పాత సినిమాల్లో చాలావాటికి మూడూ కలిపేసిన ఒకే ట్రాకు మిగిలింది. పాలల్లో కలిసిన నీళ్లను వేరు చేసినట్టే ఆ పని. హాలీవుడ్‌కీ ఈ తిప్పలు తప్పలేదు. 1961 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని యాభై ఏళ్ల సందర్భంగా ఇలా వేయడానికి, పాడినవాళ్ల గొంతుల్ని వాద్యాల నుంచి విడదీసి, స్వరాలను మళ్లీ రాయించాల్సి వచ్చింది. మన దగ్గర నౌషాద్ సాబ్ ‘మొఘల్-ఎ-ఆజమ్’ రంగుల్లో 2004లో వచ్చినప్పుడు నేపథ్య సంగీతాన్ని కొత్తగా రికార్డు చేశారు. అంటే చేయాలనుకుంటే దారి ఉంటుంది, ఖర్చూ ఉంటుంది.

అయితే మూకీలకు ఈ చిక్కే లేదు. విడదీయడానికి అసలు శబ్దమే ఉండదు కదా! 1928లో తీసిన ‘షిరాజ్’ ఇందుకు మంచి ఉదాహరణ. తాజ్‌మహల్ కట్టడం చుట్టూ అల్లిన ప్రేమకథ అది. ఇందులో ముంతాజ్ బానిసగా అమ్ముడుపోయిన పిల్ల. చరిత్రలో మాత్రం ఆమె ఆసఫ్ ఖాన్ కూతురు అర్జుమంద్ బాను. కాబట్టి కథను కథగానే చూడాలి. ఈ సినిమాను బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ బాగుచేయించింది. అనౌష్కా శంకర్ కొత్తగా సంగీతం కట్టి, 2017లో లండన్‌లోనూ, ఆ నవంబరులో హైదరాబాద్ సహా నాలుగు భారతీయ నగరాల్లోనూ తెర ముందు వాయించారు. భారీ ఆర్కెస్ట్రా కాదు, సితార్‌తో పాటు చిన్న బృందం. మనకు పనికొచ్చే పాఠం ఇదే.

లెక్క వేసుకుందాం. డెబ్బై, ఎనభై మంది వాద్యకారులు, రోజుల తరబడి రిహార్సల్స్, హాలు అద్దె. ఇంత పెట్టి ఒకటి రెండు షోలతో సరిపెడితే టికెట్ ధర నలుగురున్న కుటుంబానికి అందదు. అదే పదిమంది బృందమైతే ఖర్చు బాగా తగ్గుతుంది. కంప్యూటర్ సంగీతం వచ్చాక స్టూడియో పని తగ్గిన తబలా, సారంగి, వయొలిన్ కళాకారులకు నాలుగు రోజుల కూలి కూడా దొరుకుతుంది. సంగీతం విషయంలో మన ఇళ్లలో అందరిదీ ఒకే మాట కాదు, ఆ చర్చ వేరు. కానీ ఉర్దూ జబాన్, మొఘలుల కథలు, వాటిని తెరకెక్కించిన కళాకారుల శ్రమ మన ఉమ్మడి ఆస్తి అన్నదాంట్లో పేచీ ఉండకూడదు.

ఈ ఆస్తి ఎలా పోతుందో ఇప్పటికే చూశాం. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ (1931) ప్రింటు ఈరోజు లేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)దీ అదే గతి. వాటికి ఎంత గొప్ప ఆర్కెస్ట్రాను పిలిచినా ముందు తెర ఖాళీ.

అందుకే మొదటి పని టికెట్లు అమ్మడం కాదు, మిగిలినవి కాపాడుకోవడం. ప్రభుత్వాలు, నిర్మాతల వారసులు పాత నెగెటివ్‌లతో పాటు సంగీతం టేపులనూ డిజిటల్ చేయించాలి. సినిమాల్లో వాయించిన అబ్బాజాన్, దాదాజాన్ ఉన్న ఇళ్లలో స్వరాల నోటుబుక్కులు, స్పూల్ టేపులు అటక మీద ఉండొచ్చు. కబాడీకి వేసేముందు పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ను ఒక్కసారి సంప్రదించండి.