మానెయ్యమంటే మానేసేదేనా బొట్టు?

నుదుటి మీద దురద మొదలైనప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే సలహా: "వేరే కంపెనీది కొనుక్కో." కొన్నాను. దురద పోలేదు సరికదా, ఏడాది తిరిగేసరికి బొట్టు కింద సరిగ్గా బొట్టంత మేర చర్మం తెల్లబడింది. అప్పట్నుంచి దురద మాట పోయి బొల్లి మాట వచ్చింది. "ముందు ఎవరితోనూ అనకు" అన్నారు అత్తయ్య. మా అమ్మ బెంగంతా చెల్లెలి పెళ్ళి సంబంధం గురించి.

చర్మవ్యాధుల డాక్టరు ప్యాచ్ టెస్ట్ రాశారు. రక్తం తీసే పరీక్ష కాదిది. అనుమానమున్న పదార్థాలను, చాలావరకు వాజలీన్ లాంటి దానిలో కలిపి, చిన్న చిన్న బిళ్ళల్లో పెట్టి వీపు మీద అంటిస్తారు. 48 గంటలకి తీసి చూస్తారు. ఈ రకం ఎలర్జీ నిదానంగా బయటపడుతుంది కాబట్టి 96 గంటలకి మళ్ళీ చూస్తారు. అంతవరకూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, బరువులెత్తకూడదు. మే నెలలో, వంటింట్లో, చెమట పట్టకుండా! ఆ సూచనలు రాసినవాళ్ళ ఊహలో రోగి ఆడమనిషి కాదేమో. నేను సెలవు పెట్టి అమ్మ దగ్గరికి పోయాను. పోవడానికి పుట్టిల్లు లేనివాళ్ళ సంగతేమిటి?

అయినా 1895లో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాదాసన్ చూపించిన ఈ పద్ధతి మీద నాకు గౌరవమే. "అంతా నీ భ్రమ" అనకుండా నాకు జవాబిచ్చింది అదొక్కటే. వీపు మీద రెండుచోట్ల ఎర్రగా పొంగింది. ఒకటి నికెల్, గిల్టు నగల్లో ఉండేది. రెండోది పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్. నోరు తిరగని ఈ పేరు స్టిక్కర్ బొట్ల జిగురులో వాడేదానిది. చెప్పులు అతికించే జిగురులోనూ ఇదే వాడతారు. ఇందులోని ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలనే చంపగలదు. బొట్టు గురించి నేను చదివిన కథలకీ వ్యాసాలకీ లెక్కలేదు. వాటిలో జిగురు ఊసెత్తిన వాళ్ళు ఒక్కరూ లేరు, నాతో సహా.

డాక్టరు చీటీ మీద రాసింది ఒక్క మాట: "మానెయ్యండి." ఎవరికి చెప్తున్నారు ఈ మాట? నా నుదురు నా ఒక్కదానిదే అయినట్టు! ఇంటికి రాగానే "మొగుడుండగా బోసి నుదురేమిటి, పోనీ కుంకుమ పెట్టుకో" అన్నారు. కుంకుమలో కలిపే రంగులు పడనివాళ్ళూ ఉన్నారు. భర్త పోయిన రోజున పట్టుబట్టి చెరిపించే సమాజమే, అతను బతికున్నంతకాలం చర్మం పాడైనా పెట్టుకోమంటుంది.

ఇక మన స్నేహితులు కొందరు "పీడా పోయింది, ఎప్పుడో మానాల్సింది" అని సంబరపడ్డారు. క్షమించాలి, నాకు బొట్టంటే ఇష్టం. పెట్టుకోవాలా వద్దా అని నేను తేల్చుకోవాలంటే అందులో ఏముందో ముందు నాకు తెలియాలి కదా! ఇళ్ళల్లో కూర్చుని, ఇన్ని అట్టలకి ఇంత అని కూలికి బొట్లు అంటించే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ వేళ్ళకి ప్యాచ్ టెస్ట్ ఎవరు రాస్తారు?

మొన్న అత్తయ్య తన బొట్ల ప్యాకెట్ తెచ్చి, "ఇందులో ఏ జిగురుందో చూడవే" అన్నారు. అటూ ఇటూ తిప్పి ఇద్దరం చూశాం. కంపెనీ పేరు, ధర, నవ్వుతున్న పెళ్ళికూతురి బొమ్మ. అంతే.