చిటికెడు ఉప్పు, కొండంత లెక్క

బోదకాలు మందును మాత్రగా మింగించవచ్చు, వంట ఉప్పులో కలిపీ పెట్టవచ్చు. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో ఈ రెండో దారినీ తొక్కాల్సి వచ్చింది. కారణం దోమ. ప్రధాన భూభాగంలో ఈ వ్యాధిని మోసే క్యూలెక్స్ రాత్రిపూట కుడుతుంది. అక్కడి ఏడిస్ నీవియస్ అడవిలో చెట్టు తొర్రల్లో పెరిగి పగలే కుడుతుంది. దాని ముందు దోమతెర దండగ. మనుషుల రక్తంలోని క్రిములను మందుతో తగ్గించడమే శరణ్యం.

ఆ మందు డీఈసీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో దాన్ని వెలుగులోకి తెచ్చింది. ఏటా ఒకసారి, కిలో బరువుకు 6 మిల్లీగ్రాములు. ఇది మాత్రల లెక్క. 50 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములన్నమాట.

పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లోని భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం కొన్ని దీవుల్లో మాత్రలకు తోడు 0.2 శాతం డీఈసీ కలిపిన ఉప్పును ఏడాదిపాటు వాడించింది. మిగతా చోట్ల మాత్రలే. రోజుకు 10 గ్రాముల ఉప్పు తింటే ఒంట్లోకి వెళ్లే మందు 20 మిల్లీగ్రాములు, ఏడాదికి 7,300. మాత్రల మోతాదుకు 24 రెట్లు! అయినా ఏ రోజుకారోజు కొంచెమే కాబట్టి, క్రిములు ఒక్కసారిగా చచ్చి తెచ్చే జ్వరం, తలనొప్పి బెడద తక్కువ. ఉప్పు తోడైన చోట క్రిములు మరింత తగ్గాయి.

మరి 0.2 శాతమే ఎందుకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిధి 0.2 నుంచి 0.4 శాతం. ఉప్పు ఉన్న దీవిని, లేని దీవిని పోలిస్తే మందు పనిచేస్తుందా అన్నది తేలుతుంది. ఎంత చాలన్నది తేలదు. అందుకు చీటీలు తీసి గ్రామాలను మూడు నాలుగు మోతాదులకు పంచాలి. ఫలితం ఎక్కడిదాకా పెరిగి, ఎక్కడ నిలిచిపోతుందో గీత గీసి చూడాలి. అలాకాక ఎవరు ఎంత ఉప్పు తిన్నారో అడిగి పోలిస్తే లెక్క తప్పుతుంది. ఎక్కువ తినేది సాధారణంగా బరువున్న పెద్దలే. పగలు అడవిలో తిరిగి ఎక్కువ దోమకాట్లు తినేదీ వారే కావచ్చు. మందు ఎక్కువ తిన్నవారిలోనే క్రిములు ఎక్కువన్న తలకిందుల ఫలితం రావచ్చు.

మాత్రల మోతాదు ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉంటుంది. ఉప్పులోది వంటింటి గరిటె చేతిలోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఆ గరిటె కాస్త అటూ ఇటూ అయినా చెడని మోతాదును ముందే కనిపెట్టాలి. అందుకే ఇన్ని తిప్పలు.