భోంగా లేని పనిదినము

మన పూర్వ భాగమున ఏ గల్లీలో నడచినను మగ్గముల మ్రోత వినవచ్చును. దానికి మన మెంతగా అలవాటుపడితిమనగా, ఆ మ్రోత నడుమనే మన పసిబిడ్డలు నిద్రించుచున్నారు. మరియొకటియు మన కట్లే అలవాటైపోయినది. 'పరేషాను' అనియు, 'టెన్షను' అనియు తేలికగా పలికి దాటవేయు మనోవ్యాకులత అది. మ్రోతకు అలవాటుపడిన చెవి కొంచెము కొంచెముగా వినికిడిని పోగొట్టుకొనును. వ్యాకులతకు అలవాటుపడిన దేహమును అట్లే ఆరోగ్యమును పోగొట్టుకొనును. కావున ఈ వారము దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

వ్యాకులత పిరికితనము కాదు. ఆపద ఎదురైనపుడు గుండె వేగముగా కొట్టుకొనుట, శ్వాస త్వరపడుట, కండరములు బిగియుట, ఇవన్నియు ప్రాణరక్షణకై దేహము చేసికొను సన్నాహములు. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. ఆ బాధ ఎంతకును తొలగనిచో సన్నాహమే దేహమును క్షీణింపజేయునని 1936లో హాన్స్ సెల్యే తన పరిశోధనల వలన తెలిపెను. నిద్ర తగ్గుట, తలనొప్పి, అజీర్ణము, చిన్నమాటకే కోపము దీని గుర్తులు. పడుగునకు బిగువు లేనిచో నేత సాగదు. మితిమీరినచో పోగు తెగును. నేతగాండ్రకు ఇది ఒకరు చెప్పవలసిన మాట కాదు.

మన తాతలు కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతముల నుండి ఈ ఊరు చేరిరి. 1877లో పని ప్రారంభించిన పాత మిల్లు, దాని వెనుక వచ్చిన మిల్లులు వేలాది కుటుంబములకు అన్నము పెట్టినవి. మిల్లు పని సుఖమైనదని మేము చెప్పము. కాని మిల్లునకు భోంగా ఉండెడిది. అది కూసిన పని మొదలు, మరల కూసిన పని ముగింపు. కార్మికుడు యంత్రమును అక్కడనే విడిచి ఇంటికి వచ్చెడివాడు. ఆ మిల్లులు మూతపడినవి. నేడు అనేకులకు మరమగ్గము ఇంటి గోడ ప్రక్కనే ఉన్నది. కొందరికి ఆ గోడయును లేదు. కరెంటు ఉన్నంతసేపు పని, పోయినచో ఎప్పుడు వచ్చునోయను చింత. నూలు ధర పెరిగిన ఒక చింత, తువ్వాళ్ల బేరము తగ్గిన మరియొక చింత. మజూరీ చేతికి రాకమునుపే బాకీలోనికి పోవుచున్నది.

ఇక మన ఆడపడుచుల సంగతి. చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లి వెయ్యి బీడీల లెక్క నిండువరకు లేవజాలదు. వంట, కుళాయి నీరు, పిల్లల బడి, అత్తమామల సేవ, అన్నియు ఆ లెక్క నడుమనే జరుగవలెను. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము పని ఆవరణములలో దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదని నిర్ణయించెను. కాని గడపలో కూర్చుండి చుట్టు తల్లి గంటలను లెక్కించువారెవరు?

ఈ భారమును మనము పైకి చెప్పుకొనము. మరాఠీలో వైద్యునితో తల నొచ్చుచున్నదని చెప్పగలము. మనసు బాగులేదని చెప్పుటకు మాత్రము మాట తెలుగుననే వచ్చును. మగవారు బాకీని భార్యకు తెలియనీయక సారాయిని ఆశ్రయింతురు. అది మొదట మత్తు కలిగించినను తెల్లవారుజామున నిద్రను చెరచును. మరునాటి చింత రెట్టింపగును.

కావున ఇంటింట ఒక భోంగా ఏర్పడవలెనని మా మనవి. రాత్రి ఫలానా గంటకు మగ్గము ఆగవలెను, చాట గోడకు చేరవలెను. 'ఆ గంట మజూరీ ఎవరిచ్చెదర'ని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. కొంత నష్టము తప్పదు. కాని అలసిన కంటికి తెగిన పోగు కనబడదు, అలసిన చేతి బీడీలు తనిఖీలో తీసివేయబడును. ఆ నష్టమును గూడ లెక్కలో వేయవలెను. భార్యాభర్తలు వారమున కొకసారి కూర్చుండి ఎవరికెంత బాకీయో కాగితముపై వ్రాసికొనవలెను. కాగితముపై చూచిన బాకీ చీకటిలో తలచిన బాకీకంటె చిన్నదిగనే ఉండును. పడుకొనుటకు ముందు కొన్ని నిమిషములు శ్వాసను మెల్లగా విడుచుచుండిన గుండె వేగము తగ్గును.

ఇంతటితో తీరని బాధ యైనచో దాచరాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన 'టెలి మానస్' సేవకు 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులోనే మాటలాడవచ్చును. బ్రతుకుపై విరక్తి కలిగినదని ఇంటిలో ఎవరైన అన్నచో దానిని పైమాటగా త్రోసివేయక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని కడకు తీసికొని పోవలెను.

తక్కువ మజూరీకి ఓర్పు మందని మేము చెప్పుట లేదు. న్యాయమైన మజూరీకై అడుగవలసినది అడుగవలసినదే. కాని అడుగుటకైనను దేహము నిలువవలెను గదా! ఒక్క యింటి మగ్గము ఆగినంత మాత్రమున పని కాదు. ప్రక్క యింటి మగ్గము మ్రోగుచుండగా ఎవరికి నిద్ర పట్టును? నారళీ పౌర్ణమినాడు మార్కండేయ స్వామి రథము కదలునపుడు మన మందరము పని మాని వీధిలో నిలుచుచున్నాము. సంవత్సరమున కొక దినము పేట యంతయు ఒక్కమాటపై నిలువగలిగినపుడు, రాత్రికి కొన్ని గంటలు నిలువలేదా? గల్లీ గల్లీకి పెద్దలు కూర్చుండి, ఆడపడుచులను గూడ పిలిచి, మగ్గములాపు వేళను నిర్ణయింతురు గాక. ఏ గల్లీవారు ముందుగా నిర్ణయించినను ఆ వార్తను ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.