హింసకు ప్రచారం చేసిపెడుతున్నదెవరు?

రాజకీయ హింసకు గురయ్యేది కొందరే అయినా, అది ఉద్దేశించింది చూసేవాళ్ళందరినీ. చంపడం ఎంత ముఖ్యమో, చంపామని లోకానికి తెలియడం అంత ముఖ్యం. ఆ తెలియజేసే పనిని ప్రచార సాధనాలు ఉచితంగా చేసిపెడుతున్నాయి.

ఇది కొత్త సంగతి కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులను నిర్బంధించిన సాయుధులు, పోలీసులు తమ భవనాన్ని చుట్టుముట్టడాన్ని టి.వి.లోనే చూశారు. పోలీసులు ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. 2008 నవంబరు ముంబయి దాడుల్లో, సరిహద్దు అవతల ఉన్నవాళ్ళు మన ఛానళ్ళ ప్రత్యక్ష ప్రసారాలు చూస్తూ ఫోన్లో ఆదేశాలిచ్చారు. భావప్రకటనా స్వేచ్ఛ పేరుతో ఈ ప్రసారాలను సమర్థించుకోలేరని 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఉగ్రవాద వ్యతిరేక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని 2015లో నిషేధించారు. కానీ అప్పటికే కెమెరా హంతకుల చేతుల్లోకి వచ్చేసింది. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన వ్యక్తి తన దాడిని తానే ఫేస్‌బుక్‌లో ప్రసారం చేశాడు. మొదటి 24 గంటల్లో దాని నకళ్ళు 15 లక్షలు తొలగించామని ఆ సంస్థ చెప్పుకుంది. అతని పేరు తన నోట పలకనని అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ప్రకటించారు.

స్త్రీల విషయంలో ఈ ప్రదర్శనకు మరో అర్థముంది. మన సమాజంలో స్త్రీ శరీరం కులానికి, మతానికి, జాతికి పరువు. కాబట్టి ఆమెను బహిరంగంగా అవమానిస్తే మొత్తం సమూహాన్ని ఓడించినట్టు. 2023 మేలో మణిపూర్‌లో జరిగింది ఇదే. మరో రాష్ట్రంలో 2022లో హత్యకు గురైన యువతి ఫోటోని, మణిపూర్‌లో అత్యాచారానికి బలైన స్త్రీదిగా ప్రచారం చేశారు. ఒక అబద్ధపు చిత్రం ప్రతీకారానికి సాకైంది. మే 4న కుకీ స్త్రీలను నగ్నంగా ఊరేగించిన మూక దాన్ని వీడియో కూడా తీసింది.

ఇక్కడే మనకు చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఈ సంఘటనపై మే 18నే ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది. తొలి అరెస్టు జూలై 20న, అంటే ఆ వీడియో దేశమంతా చూసిన మర్నాడు జరిగింది. ఆ రెండు నెలలూ ఫిర్యాదు కాగితం చలనం లేకుండా పడివుంది. ఇంటర్నెట్ ఆపేయడంతో వార్త బయటకు రాలేదు. కనుక 'చూపించకండి' అనడం సమాధానం కాదు. చీకటి కూడా హింసకు పనికొస్తుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసినవాళ్ళు కోరుకున్నది ఆ చీకటినే.

అయితే దృశ్యం చూస్తేనే కదులుతానంటున్న రాజ్యం స్త్రీలను రెండోసారి ప్రదర్శనకు పెడుతోంది. మూక కోరింది ప్రదర్శనే, న్యాయం దొరకాలన్నా ప్రదర్శనే కావాలంటే, వీడియో లేని స్త్రీల మాటేమిటి? వాళ్ళ ఫిర్యాదులు ఏ స్టేషన్లో మూలుగుతున్నాయి? పత్రికలు అడగాల్సింది, మనం పత్రికలను అడిగించాల్సింది ఈ ప్రశ్న.

మహిళా సంఘాలుగా మన వంతు బాధ్యత కూడా ఉంది. ఎంత ఆవేశం కలిగినా అటువంటి వీడియోలను మన చేతులతో మరొకరికి పంపకూడదు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం పాత శిక్షాస్మృతిలో 228ఎ కింద నేరం, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ కింద నేరం. నిజనిర్ధారణకు వెళ్ళినప్పుడు ఏం చెప్పాలో, ఎవరితో చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో బాధిత స్త్రీలే నిర్ణయించుకోవాలి. విలేఖరుల సమావేశంలో వాళ్ళను కూర్చోబెట్టే ముందు ఆ సంగతి వాళ్ళనే అడగాలి. దాడి చేసినవాళ్ళ ప్రకటనలు, ఫోటోలు కాక, ఫిర్యాదు తేదీలు, అధికారుల జాప్యం, కేసు నడక పత్రికల ముందు పెట్టాలి.

చుండూరు బాధితులు సంఘటితమై పోరాడి తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు సాధించుకున్నారు. 2007లో అక్కడ పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. 23 ఏళ్ళ ఆ పోరాటం కెమెరాలకు దొరికే దృశ్యం కాదు. దాన్ని ఏళ్ళ తరబడి వెంటాడి రాసే ఓపిక పత్రికలకూ, మనకూ ఉండాలి.