కంటి తూకం

కంటితో వెల కట్టే విద్య గూడూరు పట్టణానికి కొత్తది కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతపు గనులలో తీసిన అభ్రకాన్ని పలకల పరిమాణాన్నిబట్టి, నిర్మలత్వాన్నిబట్టి, మచ్చలనుబట్టి తరగతులుగా విభజించేవారు. నేడు ఈ ఊరికి పేరు తెచ్చిన నిమ్మకాయల వర్తకంలోను కాయ పరిమాణాన్ని, నిగారింపును చూచియే ధర పలుకుతారు. అనుభవజ్ఞుడైన వర్తకుని కన్ను సాధారణంగా పొరబడదు. కాయ గుణం చాలవరకు పైకి కనిపించేదే గదా! అయితే ఇదే కంటి తూకాన్ని మనుష్యుల శరీరాలకు, అందునా ఎదుగుతున్న బాలబాలికల శరీరాలకు వర్తింపజేస్తే ఏమవుతుంది? ఈనాటి సమాజం ఆ పనిని నిస్సంకోచంగా చేస్తున్నది. దాని ఫలితాలు విచారింపదగినవి.

తెలుగువారి పలకరింపులలో శరీర ప్రసక్తి ఎప్పుడూ ఉన్నదే. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లను చూచి “ఏమమ్మా, ఇట్లా చిక్కిపోయినావే?” అని అడగడం అవ్వలకు పరిపాటి. అందులో ఆదరమే గాని ఆక్షేపణ లేదు. బొద్దుగా ఉన్న బిడ్డకు దిష్టి తీయడం, “పుష్టిగా ఉన్నాడు” అని మెచ్చుకోవడం తరతరాల అలవాటు. కరవులను కండ్లారా చూచిన తరాలకు ఒంటిమీది కండ, ఇంటిలో గింజలున్నవనడానికి గుర్తు. 1950లనాటి తెలుగు చలనచిత్రాలలో కథానాయికలు నిండైన విగ్రహంతోనే ప్రేక్షకుల అభిమానానికి పాత్రులైనారు.

అంతమాత్రాన పూర్వకాలం నిర్దోషమైనదని అనలేము. బక్కపలచని పిల్లను చీపురుపుల్ల అని, లావుపాటి పిల్లను గుమ్మడికాయ అని ఎగతాళి చేసినవారు ఆనాడూ ఉన్నారు. పెండ్లిచూపులనాడు పిల్లను లేచి నడవమన్న పెద్దలూ ఉన్నారు. కాని ఆ మాటలు వీధిలో పుట్టి వీధిలోనే అణగిపోయేవి. ఇప్పుడట్లు కాదు. తరగతి ఛాయాచిత్రమైనా, పెండ్లి విందు ఛాయాచిత్రమైనా క్షణంలో సెల్‌ఫోన్లకెక్కి వందలమంది పరీక్షకు గురి అవుతున్నది. కండ్లు పెరిగినవి, కండ్లతోపాటు తీర్పులూ పెరిగినవి.

గూడూరు పెద్ద నగరం కాదు. అయినా నగరాల దృష్టి దీనికి దూరం కాదు. చెన్నై నుండి విజయవాడకు పోయే రైలు మార్గం మీద, రేణిగుంట మార్గం చీలే కూడలిలో ఉన్న ఊరు ఇది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాకు మారింది. ఇటువంటి కూడలి ఊరికి పట్టణాల బట్టలు, భోజనాలు, అభిరుచులు రైలెక్కి రావడం సహజమే. నేడు అందమంటే ఏమిటో నిర్ణయించే బొమ్మలకు రైలు కూడ అక్కరలేదు. చెన్నైలోని, హైదరాబాదులోని రూపప్రదర్శన గూడూరులోని విద్యార్థిని చేతిలోని తెరమీద అదే నిమిషంలో ప్రత్యక్షమవుతున్నది.

తెర ఇంత పని చేయగలదా అని సందేహించేవారికి పసిఫిక్ సముద్రంలోని ఫిజీ ద్వీపాల ఉదంతం సమాధానం చెప్పగలదు. అక్కడి సంప్రదాయంలోను పుష్టియే సౌందర్యం. అతిథికి కడుపునిండ వడ్డించడమే మర్యాద. నాడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ బెకర్ ఆ సంవత్సరంలోను, మరల 1998లోను అక్కడి పాఠశాల బాలికలను పరిశీలించినారు. భోజనం విషయంలో అస్వస్థమైన ధోరణి కనబరచినవారు 12.7 శాతం నుండి 29.2 శాతానికి పెరిగినారు. మూడేండ్లలో ఆ బాలికల దేహాలు మారలేదు. దేహాలను చూచే అద్దం మారింది. పరిశీలింపబడినవారు కొద్దిమందియే అయినా, తెలుగు ఊళ్ళలోని పెద్దలకు ఇది పరాయి కథగా తోచదు.

తెలుగు తెర విషయానికి వస్తే, 2015వ సంవత్సరం రెండు కారణాలవల్ల జ్ఞాపకం ఉంచుకోదగినది. “నువ్వు నాకు నచ్చావ్” చిత్రంతో 2001లో తెలుగు ప్రేక్షకులకు పరిచయమైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీలో మరణించినారు. వయస్సు 31. అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకొనే శస్త్రచికిత్సకు లోనైనట్లు నాటి వార్తలు తెలిపినవి. మరణకారణాన్ని గురించి వాదించడం ఇక్కడ అనవసరం. ఆమె బరువును గురించి ఏండ్ల తరబడి వ్యాఖ్యానించిన పత్రికలూ ప్రేక్షకులూ ఆ వార్త విని ఒక్క క్షణమైనా తమ మాటలను తాము తలచుకొన్నారా అన్నదే ప్రశ్న. అదే సంవత్సరం నవంబరులో “సైజ్ జీరో” అనే చిత్రం వచ్చింది. అనుష్క అందులో పాత్రకోసం బరువు పెరిగి నటించినారు. బరువు తగ్గిస్తామని ఆశపెట్టే వ్యాపారాన్ని ఆ చిత్రం విమర్శించింది. అయినా వ్యాపారం ఆగలేదు. 2022 మే నెలలో బెంగళూరులో 21 ఏండ్ల కన్నడ టెలివిజన్ నటి కొవ్వు తీసే శస్త్రచికిత్స అనంతరం మరణించింది.

అయితే బరువు అనేది కేవలం అందచందాల ప్రశ్న అనుకోవడమూ పొరపాటే. అధిక బరువు మధుమేహానికి, రక్తపోటుకు, గుండె జబ్బులకు దారితీయగలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 36.3 శాతం అధిక బరువు గలవారు. దేశం మొత్తంమీద ఈ సంఖ్య 24 శాతమే. తెలుగు వైద్యులు ఆందోళన చెందడానికి కారణం లేకపోలేదు. కాని అదే సర్వేలో మరి రెండు అంకెలున్నవి. అదే వయస్సు స్త్రీలలో 14.8 శాతం ఉండవలసినదానికంటె తక్కువ బరువు గలవారు, 58.8 శాతం రక్తహీనత గలవారు. ఈ మూడు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. సన్నగా ఉన్నవారిలోనే గాక, పుష్టిగా కనిపించేవారిలోను ఎందరికో రక్తం చాలదు. లావుగా ఉన్న పిల్ల తిని కూర్చొన్నదని, సన్నని పిల్ల చురుకైనదని నిర్ణయించే కన్ను ఇక్కడ పూర్తిగా పొరబడుతున్నది.

వైద్యుల కొలబద్దకే పరిమితులున్నప్పుడు వీధిలోని కంటిని ఎట్లా నమ్మగలము? కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యయే బి.ఎం.ఐ. బెల్జియం గణితవేత్త క్వెటలే 19వ శతాబ్దంలో ఈ సూత్రాన్ని కనిపెట్టినది జనసమూహాలను అధ్యయనం చేయడానికే గాని, ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని తేల్చడానికి కాదు. దీనికి ఇప్పటి పేరు 1972లో వచ్చింది. 1.5 మీటర్ల ఎత్తు, 54 కిలోల బరువు గల స్త్రీకి ఈ సంఖ్య 24. ప్రపంచానికంతటికీ వర్తించే 25 అనే హద్దు ప్రకారం ఆమె బరువు సరియైనదే. మన దేశపు వైద్యులు పాటించే 23 అనే హద్దు ప్రకారం అధికం. ఎదిగే పిల్లలకైతే ఈ హద్దులు రెండూ వర్తించవు. వారికి వయస్సునుబట్టి వేరే పట్టికలున్నవి. స్థూలకాయాన్ని ఈ ఒక్క సంఖ్యతోనే నిర్ధారించరాదని 2025 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన అంతర్జాతీయ నిపుణుల సంఘం స్పష్టం చేసింది.

ఈ సందిగ్ధాన్ని వ్యాపారం తన అవకాశంగా మలచుకొన్నది. పరగడుపున తేనె కలిపిన నిమ్మరసం తాగితే కొవ్వు కరుగుతుందని చెప్పేవారున్నారు. నిమ్మరసం దాహం తీరుస్తుంది, “సి” విటమిను ఇస్తుంది, కొవ్వును కరిగించదు. ఆ మాట నిజమైతే గూడూరులో స్థూలకాయులే ఉండరాదు! ఇటువంటి మాటలు ఉచితంగా వచ్చినంతవరకు నష్టం తక్కువ. పొడులు, మాత్రలు, లేహ్యాలు వేలరూపాయలకు అమ్ముడుపోవడమే విషాదం. స్థూలకాయాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. మొదటి నేరానికి ఆరు నెలల వరకు కారాగారం విధించవచ్చు. చట్టం ఉన్నది, ప్రకటనలూ ఉన్నవి. 2025లో మన దేశపు విపణిలోకి వచ్చిన వారానికొక సూదిమందులు రోగులకు నిజంగా ఉపకరించేవే. కాని అవి వైద్యుని పర్యవేక్షణలో వ్యాధికి వాడవలసినవి. పెండ్లి ఛాయాచిత్రానికి వాడవలసినవి కావు.

“నాలుగు మాటలంటేనే గదా మారుతారు” అని కొందరు పెద్దలు సమర్థించుకొంటారు. అనుభవం దీనికి విరుద్ధంగా ఉన్నది. ఇంగ్లండులో 50 ఏండ్లు దాటిన 2,944 మందిని నాలుగేండ్లపాటు గమనించి, 2014లో ఒక అధ్యయనాన్ని ప్రకటించినారు. బరువు కారణంగా చిన్నచూపుకు గురియైనామని చెప్పినవారు సగటున 0.95 కిలో పెరిగినారు. అట్టి అవమానం ఎరుగనివారు 0.71 కిలో తగ్గినారు. ఇందులో ఆశ్చర్యమేమున్నది? నవ్వులపాలైన బాలుడు ఆటస్థలానికి పోడు. అవమానపడిన బాలిక మధ్యాహ్న భోజనం మాని, సాయంకాలం ఒంటరిగా చిరుతిండితో ఆకలి తీర్చుకొంటుంది. ఎగతాళి వారిని ఏ మార్గం పట్టించదలచినదో ఆ మార్గాన్నే మూసివేస్తున్నది.

ఈ విషయంలో పాఠశాల చేయగలిగినది చాల ఉన్నది. విద్యార్థుల ఎత్తును, బరువును నమోదు చేయవలసినదే. కాని అంకెలను తరగతిలో బిగ్గరగా చదవరాదు. ఆరోగ్యంలో లోపం ఉన్నట్లు తోచితే తల్లిదండ్రులను పిలిచి ఏకాంతంగా చెప్పవచ్చు. మారుపేర్లు పుట్టిన దినాననే వాటిని ఆపవచ్చు. వ్యాయామ కాలాన్ని లెక్కల పాఠానికి ధారపోయకుండ, గెలిచేవారితోపాటు పరుగెత్తలేనివారికీ ఆటలో చోటివ్వవచ్చు. వార్షికోత్సవ నాటకంలో లావుపాటి పిల్లవానికి ఎప్పుడూ హాస్యపాత్రనే కేటాయించే అలవాటును మానవచ్చు. ఇందులో దేనికీ ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు.

బరువును తూచడానికి త్రాసు ఉన్నది. రక్తాన్ని పరీక్షించడానికి ప్రయోగశాల ఉన్నది. ఫలితాన్ని వివరించడానికి వైద్యుడున్నాడు. వీరి పనిని చుట్టాలు, పొరుగువారు, సహపాఠులు తమ కండ్లతో చేయబూనినప్పుడే అనర్థం పుడుతున్నది. కంటితో వెల కట్టడం నిమ్మకాయల సంతకు సరిపోవచ్చు. ఆ నిమ్మకాయల బస్తాల పక్కనుండి నడిచి బడికి పోయే పిల్లలకు మాత్రం ఆ లెక్క అంటకుండ చూచుకోవడం పెద్దల కర్తవ్యం.